మిట్టమధ్యాహ్నం ఆగిపోయే సోలార్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

పలచగా మబ్బు పట్టిన రోజు మా ఇంటి మీది సోలార్ నిలకడగా పనిచేసేది. ఎండ నిప్పులు చెరిగే రోజున, సరిగ్గా పన్నెండు దాటాక, ఆగిపోయేది. ఇన్నేళ్ల వాడకంలో నాకు ఇంతగా కోపం తెప్పించిన సంగతి మరొకటి లేదు. ప్యానెళ్ల సామర్థ్యం, వారంటీ, ఏ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చే కరెంటుగా మార్చే పెట్టె) మంచిది లాంటి విషయాలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. మాది 5 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ వ్యవస్థ, అంటే వీధి కరెంటు లైనుకు (గ్రిడ్‌కు) కలిపి నడిచేది, సింగిల్ ఫేజ్ కనెక్షన్, బ్యాటరీ లేదు. మా ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉంటుంది. ఈ ఆఖరి మాట బాగా గుర్తుపెట్టుకోండి.

మొదట్లో ఫోనులో కనిపించే రోజువారీ గ్రాఫు ఉదయం మెల్లగా లేచి, మధ్యాహ్నం నిండుగా గుండ్రం తిరిగి, సాయంత్రానికి దిగేది. వీధిలో మరికొన్ని డాబాల మీద ప్యానెళ్లు వచ్చాక ఆ గుండ్రటి భాగం దువ్వెన పళ్లలా చీలిపోయింది. కాసేపు ఉత్పత్తి, ఉన్నట్టుండి సున్నా, మళ్లీ కాసేపు ఉత్పత్తి, మళ్లీ సున్నా. ఆ సమయంలో ఇన్వర్టర్ దగ్గర నిలబడితే టక్కుమని లోపలి స్విచ్చు (రిలే) చప్పుడు వినిపించేది, ఎర్ర దీపం వెలిగేది, తెర మీద ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ అని, అంటే లైనులో వోల్టేజీ హద్దు దాటిందని, వచ్చేది. మనిషిని పిలిచి చూపిద్దామంటే, అతను వచ్చేసరికి పచ్చ దీపం.

బిగించిన సంస్థవాళ్లు మొదట చెప్పిన కారణం వేడి. ప్యానెళ్లు వేడెక్కితే ఉత్పత్తి తగ్గడం నిజమే. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దాకా పడిపోతుంది. ప్యానెల్ 60 డిగ్రీలకు చేరితే పది శాతానికి పైగా పోయినట్టే. అయితే ఆ నష్టం గ్రాఫును కాస్త కిందికి దించుతుంది గానీ, ఒక్కసారిగా సున్నాకు పడేయదు. రెండో కారణం దుమ్ము అన్నారు. దుమ్ము పన్నెండింటికి పడి రెండింటికి లేచిపోదు కదా.

దాంతో నేనే వోల్టేజీ రాసుకోవడం మొదలుపెట్టాను. ఇన్వర్టర్ తెర మీదే కనిపిస్తుంది, వేరే పరికరం అక్కర్లేదు. పొద్దున ఏడింటికి 236. పదిన్నరకు 247. పన్నెండు దాటాక 251, 252, 253, టక్. ఆగిన మరుక్షణం 248. రాత్రి ఎనిమిదింటికి అదే వైరులో 224. ఇది చూశాక సంగతి అర్థమైంది. 230 వోల్టుల వ్యవస్థల్లో పైకి పది శాతం, అంటే 253 దాకా సాధారణంగా అనుమతిస్తారు. అది దాటితే ఇన్వర్టర్ తనంతట తాను గ్రిడ్ నుంచి విడిపోవాలి. వోల్టేజీ దిగాక కూడా వెంటనే కలవకూడదు, నిబంధనలను బట్టి ఒక నిమిషం నుంచి అయిదు నిమిషాల దాకా ఆగి చూడాలి. మండే ఎండలో ఆ నిరీక్షణ పదే పదే జరిగితే మధ్యాహ్నపు ఉత్పత్తిలో పెద్ద భాగం గాలికి పోతుంది.

వోల్టేజీ ఎందుకు పెరుగుతుందంటే, మా ఇంట్లో తయారైన కరెంటు వీధిలోకి వెళ్లాలంటే మా దగ్గర వోల్టేజీ వీధిలో కంటే కొంత ఎక్కువగా ఉండాలి. 5 కిలోవాట్లంటే సుమారు 22 ఆంపియర్లు. ఇంటి నుంచి స్తంభం దాకా ఉన్న సర్వీసు వైరుకు రానుపోను పావు ఓమ్ నిరోధం ఉందనుకుంటే, అక్కడే అయిదు వోల్టులకు పైగా పెరుగుతుంది. ఆ పైన వీధి పొడవునా ఉన్న ప్రతి ఇల్లూ అదే పని, అదే గంటలో, అదే లైను మీద చేస్తుంది. ఇళ్లలో వాడకమేమో మధ్యాహ్నం అంతంతమాత్రం. అందరి పెరుగుదలా కలిసి లైను చివర ఉన్నవాళ్ల మీద పడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉన్న ఇంటికి ఈ బాధ తెలియనే తెలియదు. ఇద్దరం ఒకే ఖర్చు పెట్టి ఒకే ఎండ కింద ప్యానెళ్లు పెట్టాం. నష్టం మాత్రం మాకే. ఆ నష్టం ఎక్కడా కనిపించదు కూడా. వాడిన యూనిట్‌కు బిల్లులో గడి ఉంది, అమ్మిన యూనిట్‌కు గడి ఉంది, పుట్టకుండా పోయిన యూనిట్‌కు లేదు.

ఫిర్యాదు చేశాక లైన్‌మన్ సాయంత్రం డ్యూటీలో వచ్చి మీటరు దగ్గర కొలిచాడు. “226 ఉందండి, బ్రహ్మాండంగా ఉంది” అన్నాడు. మధ్యాహ్నం వచ్చి కొలవమని అడిగాను. “మధ్యాహ్నం ఎవరూ కంప్లయింట్ ఇవ్వరండి, వచ్చేవన్నీ రాత్రిపూట లో వోల్టేజీ కంప్లయింట్లే” అన్నాడు. సమస్యంతా ఆ మాటలో ఉంది. రాత్రి అందరూ ఏసీలు, మోటార్లు వేసినప్పుడు లైను చివర వోల్టేజీ పడిపోకుండా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే కాస్త ఎక్కువ పెట్టి పంపడం ఏనాటి నుంచో ఉన్న అలవాటు. కరెంటు ఒక్క వైపే ప్రవహించే రోజుల్లో అది తెలివైన పనే. ఇప్పుడు పగలు ఎదురు ప్రవహిస్తోంది, అమరిక మాత్రం పాతదే.

ఈలోగా బిగించిన సంస్థ నుంచి ఒక సలహా వచ్చింది: ఇన్వర్టర్‌లో హద్దును 265కు మార్చేస్తే గొడవ వదిలిపోతుందట. నేను ఒప్పుకోలేదు, ఇకముందూ ఒప్పుకోను. ఆ హద్దు ఉన్నది మా ఫ్రిజ్, పక్కింటివాళ్ల టీవీ కాలిపోకుండా. నాలుగు యూనిట్లు ఎక్కువ అమ్ముకోవడానికి వీధి మొత్తం మీదికి ఎక్కువ వోల్టేజీ తోయడం అన్యాయం. వోల్టేజీ పెరగడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాలు దాదాపు మొత్తం కరెంటు లేకుండా ఆగిపోయాయి. అక్కడ పెద్ద లైన్లలో వోల్టేజీ అదుపు తప్పి పెరగడం, ఒకదాని వెంట ఒకటిగా విద్యుత్ కేంద్రాలు విడిపోవడం జరిగాయి. మా వీధి గొడవకూ దానికీ స్థాయిలో పోలికే లేదు గానీ, హద్దులు ఎందుకు పెడతారో దాన్ని చూస్తే తెలుస్తుంది.

చివరికి మధ్యాహ్నం వచ్చి కొలిచారు. ముందు స్తంభం ఎక్కి చూస్తే మా సర్వీసు వైరు జాయింటు నల్లబడి ఉంది. అది తీసి కొత్త క్లాంపు వేయగానే రెండు వోల్టులు దిగింది. తర్వాత ఒక రోజు కాసేపు లైను ఆపి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (అది పంపే వోల్టేజీని మెట్లు మెట్లుగా మార్చే అమరిక) ఒక మెట్టు తగ్గించారు. మా ట్రాన్స్‌ఫార్మర్‌లో మెట్టుకు రెండున్నర శాతం, అంటే సుమారు ఆరు వోల్టులు. అంతే. మర్నాడు మధ్యాహ్నం 245 దగ్గర నిలబడింది, గ్రాఫు మళ్లీ నిండుగా గుండ్రం తిరిగింది. ఆ రోజు ఎంత సంతోషించానో చెప్పలేను. రాత్రి వోల్టేజీ 218కి వచ్చింది, అది కూడా హద్దులోనే ఉంది. ఇంత చిన్న పనికి అంతకాలం పట్టిందన్న కోపం మాత్రం పోలేదు.

ఆ సంతోషం పూర్తిగా నిలవలేదు. వీధిలో ఇంకొన్ని ఇళ్లు చేరాక పండగ సెలవుల్లో, వాడకం తక్కువగా ఉన్న రోజుల్లో, మళ్లీ 252 కనిపిస్తోంది. ఈసారి ఇన్వర్టర్‌లోనే ఉన్న మరో సదుపాయాన్ని అధికారికంగా అడిగి తెరిపించుకున్నాను. వోల్టేజీ హద్దుకు దగ్గరపడే కొద్దీ అది ఉత్పత్తిని కొద్దికొద్దిగా తగ్గిస్తుంది. కొంత పోతుంది, కానీ సున్నాకు పడదు. కొత్తగా కొనేవాళ్లు ఈ ‘వోల్ట్-వాట్’ సదుపాయం ఉందా లేదా అని తప్పక అడగాలి.

ఇక ధర సంగతి. వాడకం మొదలైన కొత్తలో నెట్ మీటర్ గురించి నేను చాలా గొప్పగా రాశాను. పగలు ఇచ్చిన యూనిట్‌కు రాత్రి ఒక యూనిట్ తిరిగొచ్చే ఒప్పందం అది. అప్పుడు రాసింది ఆ ఒప్పందానికి నిజమే. ఇప్పుడు మాది నెట్ బిల్లింగ్: కొనే యూనిట్‌కు ఒక ధర, అమ్మే యూనిట్‌కు వేరే ధర, అది కొనేదాంట్లో సగం కూడా ఉండదు. మాకు మాత్రమే జరిగింది కాదిది. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ 15 నుంచి దరఖాస్తు చేసుకున్నవాళ్లకు ఇలాంటి పద్ధతే వర్తిస్తోంది, అక్కడ అమ్మకపు విలువ సుమారు నాలుగింట మూడొంతులు పడిపోయింది.

ఈ తగ్గింపు మీద నాకు ద్వేషం లేదు. విద్యుత్ మార్కెట్‌లో ఆ గంట గిరాకీని తీర్చే చివరి కేంద్రం అడిగే ధరే సాధారణంగా అందరికీ దక్కుతుంది. సోలార్‌కు ఇంధనం ఖర్చు లేదు కాబట్టి అది మధ్యాహ్నం ఖరీదైన కేంద్రాలను పక్కకు నెట్టి ధరను దించుతుంది. పొద్దుగూకాక అవే కేంద్రాలు తిరిగొచ్చి ధరను పెంచుతాయి. జర్మనీలో 2024లో 457 గంటల పాటు టోకు ధర సున్నా కంటే కిందికి పోయింది, అంటే కరెంటు తీసుకున్నవాళ్లకే ఎదురు డబ్బు. అందరి డాబాల మీదా ఒకేసారి పండే పంటకు ఆ గంటలో ధర పలకదు. అది న్యాయమే.

నా ఫిర్యాదు వేరు. మధ్యాహ్నం యూనిట్ అంత చవకైతే, ప్యానెళ్లు లేని పక్కింటివాళ్లకూ ఆ గంటలో చవకగానే దొరకాలి. మొదట్లో అలా జరగలేదు. నేను ఇచ్చిన యూనిట్ గోడ అవతలి ఇంట్లోనే ఖర్చయ్యేది, నాకు మధ్యాహ్నపు ధర ఇచ్చి వాళ్ల దగ్గర మాత్రం రోజంతా వసూలు చేసే ధరే తీసుకునేవారు. మధ్యలో వైర్లు, మీటర్లు, సిబ్బంది ఖర్చు ఉంటుంది, కాదనను. అయినా గంటను బట్టి విలువ కడతామన్నప్పుడు అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ అదే గడియారం వర్తించాలి.

తర్వాత సమయాన్ని బట్టి ధర మారే పథకం వచ్చింది: పగలు తక్కువ, సాయంత్రం ఎక్కువ. నేను వెంటనే అందులో చేరాను, ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చింది అదే. వాటర్ హీటర్‌కు టైమర్ పెట్టి పన్నెండు నుంచి రెండు మధ్య వేడయ్యేలా చేశాను. నూరు లీటర్ల నీళ్లను 40 డిగ్రీలు వేడి చేయడానికి సుమారు 4.6 యూనిట్లు పడుతుంది, చుట్టూ మంచి పొర ఉన్న ట్యాంకులో ఆ వేడి రాత్రి దాకా నిలుస్తుంది. వాషింగ్ మెషీన్, నీళ్ల మోటారు, ఇస్త్రీ కూడా పగటికే మార్చాం. తక్కువ ధరకు అమ్మాల్సిన యూనిట్ ఇంట్లోనే ఖర్చవుతోంది, సాయంత్రం ఎక్కువ ధరకు కొనేది తగ్గింది. అన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించింది వోల్టేజీ. హీటర్ పడగానే 251 ఉన్నది మూడు వోల్టులు దిగుతుంది, ఇన్వర్టర్ మళ్లీ పూర్తి ఉత్పత్తిలోకి వస్తుంది. అమ్మకపు ధర ఎప్పుడు తక్కువో, మా లైను మీద బరువు ఎప్పుడు ఎక్కువో రెండూ ఒకే గంటలు. పక్కింటివాళ్లు కూడా పథకంలో చేరి మోటారు పగలు వేసుకున్న రోజుల్లో మా గ్రాఫు మరింత నిండుగా ఉంటుంది.

అయితే ఇది మా ఇంటికి కుదిరింది. మా ఇంట్లో పగలు మనిషి ఉంటారు. అందరూ పొద్దున వెళ్లి రాత్రి వచ్చే ఇంట్లో, టైమర్‌తో నడిచేవి తక్కువగా ఉంటే, సాయంత్రం ఎక్కువ ధర వాళ్ల బిల్లును పెంచేస్తుంది. చిన్నపిల్లలో, మంచంపట్టిన పెద్దలో ఉన్నవాళ్లను “ఏసీ పగలే వేసుకోండి” అనలేం. వాళ్లు పాత ఒకే ధర పథకంలో ఉండటమే మేలు కావచ్చు.

బ్యాటరీ కొనమని చాలామంది చెబుతున్నారు. మా సాయంత్రపు వాడకం తక్కువ కాబట్టి నా లెక్కలో అది ఇంకా గిట్టుబాటు కాలేదు. కరెంటు తరచూ పోయే చోట ఉన్నవాళ్లకు లెక్క మారుతుంది: గ్రిడ్ పోయినప్పుడు లైను మీద పనిచేసేవాళ్ల క్షేమం కోసం ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ ఎంత ఎండ ఉన్నా ఆగిపోతుంది. బ్యాటరీ, దానికి తగ్గ ఇన్వర్టర్ ఉంటేనే ఇల్లు వెలుగుతుంది.

మళ్లీ కొనాల్సి వస్తే 5 కాకుండా 3 కిలోవాట్లే పెట్టిస్తాను, అదీ మధ్యాహ్నం మా ఇంట్లో ఖర్చయ్యేంత ఉంటుంది కాబట్టి. త్రీ ఫేజ్ కనెక్షన్ ఉన్నవాళ్లు, ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గరున్నవాళ్లు ఇంకా పెద్దది పెట్టుకోవచ్చు. లైను చివర ఉన్నవాళ్లు మాత్రం ఒప్పందం మీద సంతకం చేసే ముందు, ఎండగా ఉన్న సెలవు రోజున మధ్యాహ్నం ఒంటిగంటకు మీటరు దగ్గర వోల్టేజీ కొలిపించండి. అప్పటికే 245 దాటి ఉంటే ముందు జాయింట్లు, ట్యాప్ సరిచేయించుకోండి, ప్యానెళ్ల సంగతి ఆ తర్వాత.