1979 హాంకాంగ్: కౌలు గడువు గురించి అడగడం మేలా, అడక్కపోవడం మేలా?

హాంకాంగ్ దీవి 1842లో, కౌలూన్ 1860లో బ్రిటన్‌కు శాశ్వతంగా దఖలుపడ్డాయి. న్యూ టెరిటరీస్‌ను మాత్రం 1898లో 99 ఏళ్ల కౌలుకు తీసుకున్నారు. కాలనీ నేలలో దాదాపు పదింట తొమ్మిది వంతులు అదే. దాని గడువు 1997 జూన్ 30. ఆ తర్వాత సంగతేమిటని చైనాను ముందే అడగాలా, చూసీచూడనట్టు రోజులు గడపాలా? గవర్నర్ ముర్రే మక్‌లెహోస్ 1979లో తేల్చుకోవలసి వచ్చింది ఇదే.

ఊరుకోవడానికి కారణాలు బలంగానే ఉన్నాయి. ఆ పాత ఒప్పందాలు బలవంతంగా రుద్దినవని, వాటిని గుర్తించేది లేదని బీజింగ్ ఎప్పుడూ అంటూనే ఉంది. అయినా తొందరపడలేదు, సమయం వచ్చినప్పుడు చూద్దామంది. పక్కనున్న మకావు విషయంలో పోర్చుగల్ 1979లో ఒక రహస్య అవగాహనకు వచ్చింది: అది చైనా నేలే, పాలన మాత్రం తనది. అప్పగింత తేదీ 1987 దాకా ఖరారు కాలేదు, పెద్ద అలజడీ రాలేదు. కానీ మకావుకు కౌలు గడువు లేదు. హాంకాంగ్‌కు ఉంది. అందుకే ఆ దారి ఇక్కడ ఎంతోకాలం సాగేది కాదని నా అభిప్రాయం.

అడగక తప్పని పరిస్థితి తెచ్చింది స్థలాల వ్యవహారం. న్యూ టెరిటరీస్‌లో ప్రభుత్వం ఇచ్చిన స్థలాల కౌళ్లన్నీ అసలు గడువుకు మూడు రోజుల ముందే ముగుస్తాయి. 1982 దాటాక అక్కడ ఇంటి కోసం పదిహేనేళ్ల అప్పు తీసుకుంటే, అది తీరేలోపే స్థలం మీద హక్కు పోతుంది. బ్యాంకులకు, కొనుక్కునేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే చిక్కు.

కాబట్టి అడగడమే మేలు. అడిగిన తీరులోనే పొరపాటుంది. 1979 మార్చిలో చైనా అగ్రనేత డెంగ్ జియావోపింగ్‌ను కలిసి, స్థలాల కౌళ్లను 1997 తర్వాతికి పొడిగించే వీలుందా అని మక్‌లెహోస్ కదిపాడు. చిన్న పాలనా విషయంగా చూపించబోయాడు గానీ, డెంగ్ నేరుగా అసలు సంగతికే వచ్చాడు: హాంకాంగ్ చైనాదే, పెట్టుబడిదారులు మాత్రం నిశ్చింతగా ఉండొచ్చు. గవర్నర్ తిరిగొచ్చి జనానికి ఆ రెండో మాటే చెప్పాడు. ఇది నాకు అస్సలు మింగుడుపడదు. ఇళ్లు, కొలువులు, పిల్లల చదువులు ఎక్కడో నిర్ణయించుకోవలసిన లక్షల మందికి మొదటి మాటే ఎక్కువ అవసరం.

1982 సెప్టెంబరులో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ బీజింగ్ వెళ్లాక భయం బయటపడింది. ఏడాది తిరిగేసరికి హాంకాంగ్ డాలరు కుప్పకూలింది. 1983 అక్టోబరులో దాని మారకం విలువను అమెరికా డాలరుకు 7.80 దగ్గర కట్టేయాల్సి వచ్చింది. హాంకాంగ్ భవిష్యత్తుపై బ్రిటన్, చైనాల చర్చల్లో అక్కడి ప్రజలకు విడిగా కుర్చీ వేయడానికి చైనా ఒప్పుకోలేదు. 1984 డిసెంబరు 19న ఆ రెండు దేశాల ఉమ్మడి ప్రకటన మీద సంతకాలయ్యాయి. 1979లో మక్‌లెహోస్ కదిపిన స్థలాల ప్రశ్నకు జవాబు దాని అనుబంధంలో దొరికింది: ఆ కౌళ్లు 2047 దాకా పొడిగించవచ్చు.