బోరు నీటికి ఫ్లోరైడ్ పరీక్ష కిట్: వాడి చూశాక

నల్గొండ జిల్లాలోని మా ఊరి బోర్ల కోసం ఈ కిట్ తెప్పించాము. గొట్టంలో గీత వరకు నీళ్లు పోసి, జిర్కోనియం కలిసిన ద్రావణాన్ని చుక్కలుగా వేస్తే, ఫ్లోరైడ్ పెరిగిన కొద్దీ గులాబి రంగు తగ్గి పసుపులోకి మారుతుంది. ఆ రంగును కార్డుతో పోల్చి చూసుకోవాలి. వాడటం సులువే. అయితే భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి. మనకు అత్యవసరమైన ఆ తేడాయే కార్డు మీద స్పష్టంగా తెలియదు, సాయంత్రపు వెలుతురులో మరీ కష్టం. ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్లు తాగడం వల్ల వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్‌తో వెన్ను వంగిపోయిన పెద్దలున్న ప్రాంతానికి ఈ అస్పష్టత చిన్న లోపం కాదు. నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించిన నీటిలో పటికలోని అల్యూమినియం మిగిలితే ఫలితం తప్పే అవకాశముందన్న హెచ్చరికను కూడా పెట్టె మీద ముద్రించవలసింది. ఏ బోరు నీటిని ముందుగా ప్రయోగశాలకు పంపాలో తేల్చుకోవడానికైతే నిస్సందేహంగా కొనవచ్చు.