జూన్ వేడుకా, సెప్టెంబర్ శ్రమదానమా?

సముద్రం కోసం తీరవాసులు ఏటా కలిసే సందర్భాల్లో రెండు ప్రపంచమంతటా ఉన్నాయి. జూన్ 8న జరిగే ప్రపంచ సముద్ర దినోత్సవాన్ని 1992 రియో పర్యావరణ సదస్సులో కెనడా ప్రతిపాదించగా, ఐక్యరాజ్యసమితి 2008లో ఆమోదించింది. ప్రదర్శనలు, ప్రసంగాలు, పిల్లల చిత్రలేఖనం: కొత్తవారిని రప్పించడానికి ఇదే మేలు.

సెప్టెంబర్ మూడో శనివారం జరిగే అంతర్జాతీయ తీర శుభ్రత 1986లో టెక్సాస్‌లో మొదలైంది. ఇందులో చెత్త ఏరడంతో పాటు లెక్క రాయడమూ ముఖ్యమే. సీసా మూతలు, తెగిన వలలు, సిగరెట్ పీకలు అన్నీ పట్టికకెక్కుతాయి. పీకలో దూదిలా కనిపించేది నిజానికి ప్లాస్టిక్ పోగు! ఏ చెత్త ఎక్కువో తేలితే, దాన్ని ఎక్కడ ఆపాలో స్థానిక పాలకులను గట్టిగా అడగవచ్చు. ఒక్కటే కుదిరితే నా ఓటు దీనికే. రెండూ కుదిరితే, జూన్‌లో వచ్చినవారి ఫోన్ నంబర్లు తీసుకుని సెప్టెంబర్‌లో మళ్లీ పిలవండి.