పాస్నెట్ కోసం మెదక్‌కి

మెదక్ చర్చికి వచ్చేవాళ్లలో చాలామంది అరగంటలో ఫోటోలు దిగేసి ఏడుపాయల దుర్గమ్మ గుడికి బయల్దేరతారు. మేం ఈసారి దాన్ని కట్టించిన పాస్నెట్ అయ్యగారి కోసమే వెళ్లాం. శనివారం రాత్రి ఊళ్లోనే ఉండి, ఆదివారం ఆరాధన చూసుకుని వచ్చాం. చర్చి వరకు ఆ నిర్ణయం బాగా కలిసొచ్చింది. బస సంగతి వేరే.

హైదరాబాద్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు. సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్) నుంచి నర్సాపూర్ మీదుగా బస్సులున్నాయి. 2022లో అక్కన్నపేట నుంచి మెదక్ దాకా రైలు మార్గం తెరిచారు కాబట్టి కాచిగూడ నుంచి రైల్లోనూ రావచ్చు, వేళలు కుదిరితే. మాకు బస్సే నయమనిపించింది. నర్సాపూర్ అడవి దాటేటప్పుడు చేతిలో తినేవేవీ బయటికి కనపడనీయకండి, కోతులు కాచుకుని ఉంటాయి.

చార్లెస్ వాకర్ పాస్నెట్ బ్రిటన్‌కు చెందిన ప్రొటెస్టెంట్ శాఖ వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున 1895లో సికింద్రాబాద్ వచ్చారు. మొదటి పని తిరుమలగిరిలో బ్రిటిష్ సిపాయిల మధ్య. అక్కడ ఆయన మనసు నిలవలేదు. పల్లెల్లో పనిచేయాలని 1897లో మెదక్ చేరారు. అప్పటికి ఇక్కడి క్రైస్తవులు మహా అయితే 200 మంది. ఆయన తోబుట్టువు ఎమిలీ కూడా మెదక్‌లోనే ఉండి స్త్రీల మధ్య సేవ చేశారు. ఆమె పేరు మన సందర్శకుల నోట వినపడదు, అది నాకు కాస్త అన్యాయంగానే తోచింది.

చర్చి పని 1914లో మొదలైంది. అవి యుద్ధం రోజులు, దానికి తోడు కరువు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు పాస్నెట్ ఊరికే గంజి పోసి పంపలేదు, పని చూపించి అన్నం పెట్టారు. ఆ పనే పదేళ్లు సాగి, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. ‘మతం కోసమే కదా వచ్చింది’ అన్నాడు మా బావ. నిజమే, ఆ సంగతి వాళ్లేం దాచలేదు. కానీ ఆకలితో వచ్చినవాడికి పని, తిండి రెండూ దొరికాయి. ఆ లెక్క తెలిశాక ఆవరణలో నిలబడి గోపురం వైపు చూస్తే, 175 అడుగుల ఎత్తు కంటే ఆ రాళ్లు మోసిన చేతులే ఎక్కువ గుర్తొస్తాయి.

లోపల 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. దాదాపు 5,000 మంది పడతారు. నేల మీది రంగుల పలకల కోసం ఒకసారి తల వంచండి, ఆ తర్వాత అద్దాల కిటికీల దగ్గరే ఉండిపోండి. మూడూ ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన బొమ్మలు: క్రీస్తు ఆరోహణం (పరలోకానికి వెళ్లడం) 1927లో, జననం 1947లో, సిలువ 1958లో వచ్చాయి. అంటే ప్రతిష్ఠ జరిగిన 34 ఏళ్లకు గానీ మూడోది రాలేదు. బయట ఎండ ఉంటేనే వీటికి ప్రాణం. పొద్దుగూకాక వెళ్తే లోపలి నుంచి నల్లటి గాజే కనపడుతుంది. మేం శనివారం సాయంత్రం ఆలస్యంగా చేరి ఏమీ చూడలేకపోయాం, ఆదివారం పొద్దున ఆ లోటు తీరింది.

ఆరాధన తెలుగులోనే. క్రైస్తవులు కానివాళ్లు వెనక బల్లల్లో కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు; మా పక్కన కూర్చున్న పెద్దావిడే పాటల పుస్తకంలో పేజీ తీసి ఇచ్చింది. 1947లో కొన్ని ప్రొటెస్టెంట్ శాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడ్డప్పుడు మెథడిస్టులూ అందులో కలిశారు, ఇప్పుడిది ఆ సంఘపు మెదక్ అధ్యక్ష మండలానికి కథీడ్రల్, అంటే బిషప్ ఉండే ప్రధాన చర్చి. క్రిస్మస్ తెల్లవారుజామున వెళ్లాలని సరదాపడేవాళ్లు మహా జనాన్ని తట్టుకోవాలి. పిల్లలు, ముసలివాళ్లు ఉంటే వద్దు.

మేం దిగిన లాడ్జీలో వేడినీళ్లన్నారు, రాలేదు. దోమలు మాత్రం అడక్కుండానే వచ్చాయి. కింద హోటల్లో పొద్దున ఇడ్లీ బాగుంది, అంతవరకే. హైదరాబాద్ వాళ్లు తెల్లారగట్ల బయల్దేరి అదే రోజు తిరిగి వెళ్లడం మేలు.

ఇంకో రోజు చేతిలో ఉంటే రామాయంపేట, కామారెడ్డి మీదుగా డిచ్‌పల్లి వెళ్లండి. మరో మెథడిస్టు పాదిరి జార్జి కెర్, ఆయన భార్య డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో అక్కడ కుష్ఠురోగులకు ఆశ్రయం మొదలుపెట్టారు, తర్వాత అది పెద్ద ఆసుపత్రి అయింది. ఊళ్లు వెలివేసిన మనుషులకు మంచం, మందు దొరికిన చోటది. నా మటుకు నాకు, ఆ కాలపు మిషనరీల పని తెలియాలంటే మెదక్ ఒక్కటే చాలదు, దీన్నీ చూడాలి. అయితే అది విహారస్థలం కాదు. ముందుగా అనుమతి అడగండి, కాదంటే పట్టుబట్టకండి, రోగుల ఫోటోలు తీయకండి. రాత్రి బసకు నిజామాబాద్ దగ్గరే, అక్కడ గదులకు కొదవ లేదు.