మా పేటలో పిల్లల సెంటర్: వరదకి ముందూ తర్వాతా నేను చూసింది

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక ట్రస్టు వాళ్ళు నడిపే పిల్లల సెంటర్ ఉంది. పన్నెండేళ్ళు దాటి పద్దెనిమిది నిండని పిల్లలు ఎవరైనా బడి అయ్యాక వెళ్ళి కూర్చోవచ్చు. మా పెద్దోడు ఏడో తరగతిలో ఉండగా చేరాడు. ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతూ కూడా వెళ్తున్నాడు. ఈ పక్కకి కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు నన్ను అడుగుతుంటారు, పిల్లల్ని పంపొచ్చా, అక్కడ చెడు సావాసాలు పట్టవు కదా, అసలు ఏం నేర్పుతారు అని. అందరికీ ఒకేసారి చెప్పినట్టు ఉంటుందని ఇది రాస్తున్నాను.

సెంటర్ చూడటానికి గొప్పగా ఉండదు. రెండు గదులు, పక్కన రేకుల షెడ్డు, ముందు వాలీబాల్ ఆడుకునేంత జాగా. ఒక బీరువా నిండా పుస్తకాలు, క్యారమ్ బోర్డులు, బాగా పాతబడ్డ కంప్యూటర్లు. సాయంత్రం ఐదున్నరకి తెరిచి రాత్రి తొమ్మిదికి మూస్తారు. కాసేపు ఆటలు, ఆ తర్వాత చదువు. ఏడాదికి 50 రూపాయలు కట్టమంటారు, లేదంటే అడగరు. వరదకి ముందు నాకు దీని మీద పెద్ద అభిప్రాయమేమీ లేదు. పిల్లాడు రోడ్ల మీద తిరక్కుండా ఒకచోట ఉంటాడు, హోమ్‌వర్కు అయిపోతుంది, అంతవరకే ఆలోచించేదాన్ని.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. మా పక్కగా పారే బుడమేరు వాగుకి గండ్లు పడి నీళ్ళు మా మీదకొచ్చాయి. బుడమేరు డైవర్షన్ కాలువ కలిసేది కృష్ణలోనే. ఆ రెండు రోజులూ కృష్ణ కూడా నిండి ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, బ్యారేజీ కట్టాక అంత నీరు ఎన్నడూ రాలేదన్నారు. ఇక మా నీళ్ళు ఎక్కడికి పోతాయి? మాది కింది వాటా. పైవాళ్ళ డాబా మీద ఉన్నాం. పడవల్లోనూ డ్రోన్లతోనూ పొట్లాలు వచ్చేవి. నీళ్ళు తీశాక ఇంట్లోకి వెళ్తే మోకాటి లోతు బురద, అందులో వాడి పదో తరగతి పుస్తకాలు.

ప్రభుత్వం కింది వాటాలకి 25,000, మునిగిన ఆటోలకి 10,000 ఇచ్చింది. ఆ డబ్బు మంచాలకీ, గిన్నెలకీ, బియ్యం డబ్బాకీ సరిపోయింది. మా ఆయన ఆటో ఇంజనులో బురద చేరి పట్టేసింది. ఫైనాన్సు వాయిదాలు మాత్రం ఆగలేదు. ఆయన పొద్దున లేచి ఆ ఆటో పక్కన కూర్చునేవారు, మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే వచ్చేవారు. పెద్దోడు ఇదంతా చూశాడు. బడి తెరిచాక నాలుగు రోజులు వెళ్ళి మానేశాడు. అడిగితే తల వంచుకునేవాడు. తర్వాత తెలిసింది, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో రోజుకి 300కి పనికి కుదిరాడని. మొదటి వారం డబ్బులు తెచ్చి నా కుట్టు మిషను మీద పెట్టాడు. మా ఆయన ఆ నోట్లు చూసి లేచి బయటికి వెళ్ళిపోయారు.

సెంటర్ చేసిన మొదటి పని, వాడు రావడం లేదని గమనించడం. బడిలో హాజరు పట్టీలో గైర్హాజరు పడుతుంది, అంతటితో ఆగిపోతుంది. ఇక్కడ వాలీబాల్ ఆడించే కోచ్, పిల్లలంతా అన్నా అంటారు, నేరుగా ఇంటికి వచ్చాడు. వచ్చి మావాడిని ఎందుకు మానేశావని ఒక్క మాట అడగలేదు. "ఒరేయ్, మన సెంటర్ ఫ్యాన్లన్నీ మునిగిపోయాయిరా. నువ్వు షెడ్డులో పని చేస్తున్నావటగా, సాయంత్రం వచ్చి ఒకసారి చూడు" అన్నాడు. టీ తాగి వెళ్ళిపోయాడు. వాడు ఆ సాయంత్రమే వెళ్ళాడు.

ఒకరోజు నేను వెళ్ళి చూశాను. రేకుల షెడ్డులో పాత బెడ్‌షీటు పరిచి, దాని మీద టేబుల్ ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ళ మోటారు ఒకటి. సెంటర్‌వే కాదు, చుట్టుపక్కల ఇళ్ళవి కూడా పట్టుకొచ్చి పెడుతున్నారు. ఆటోనగర్ నుంచి ఒక పెద్ద మెకానిక్ ఆదివారాలు వచ్చి నేర్పేవాడు. స్క్రూలు విప్పి ఏ ఫ్యానువి ఆ స్టీలు గిన్నెలో వేయడం, బురద కడిగి వైండింగ్‌ని ఎండలో బాగా ఆరబెట్టడం. "తడి ఉండగా స్విచ్చి వేశారా, కాయిల్ కాలిపోతుంది" అని ఆయన మళ్ళీ మళ్ళీ చెప్తున్నాడు. మావాడు ఒక ఫ్యాను బుష్‌కి నూనె చుక్కలు వేసి, రెక్క చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. వరద వచ్చాక వాడి ముఖంలో ధ్యాస కనిపించడం నాకు అదే మొదటిసారి. ఆ ఫ్యాను మా వీధి చివర ఒంటరిగా ఉండే పెద్దావిడది. తిరిగి ఇచ్చినప్పుడు ఆవిడ వాడి చేతిలో అరటిపళ్ళు పెట్టింది. ఆ మాట వాడే ఇంటికొచ్చి చెప్పాడు. అంతకుముందు ఎన్ని రోజులో వాడు తనంతట తాను ఏదీ చెప్పలేదు.

నాకు తెలిసి ఈ సెంటర్ బలం ఇదే. కష్టంలో ఉన్న పిల్లాడిని కూర్చోబెట్టి నీతులు చెప్పరు, జాలి చూపరు. నీతో మాకు పని ఉంది అంటారు. పదిహేనేళ్ళ మగపిల్లాడికి, ఇంట్లో తండ్రి కుంగిపోయి ఉంటే, ఆ మాట ఎంత అవసరమో నేను కళ్ళారా చూశాను.

వానకి భయపడటం వేరే సంగతి. అక్టోబరులో రాత్రిపూట చినుకు పడితే చాలు, వాడు లేచి కూర్చునేవాడు. తలుపు తీసి డ్రైన్ వైపు చూసి వచ్చేవాడు, చెల్లెలి పుస్తకాల సంచి సజ్జ మీద పెట్టేవాడు. సెంటర్‌కి వారానికొకసారి కౌన్సెలింగ్ మేడం వస్తారు. ఆవిడ నన్నూ పిలిచి, ఇంత పెద్ద వరద చూసిన పిల్లల్లో ఇలా ఉండటం మామూలేననీ, "ఏం కాదులే పడుకో" అని కొట్టిపారేయొద్దనీ చెప్పారు. వాడితోనే ఒక పథకం రాయించారు. కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టి ఎక్కడ ఉంచాలి, నీళ్ళొస్తే ఎవరు ఏది పట్టుకోవాలి, ఎవరింటి డాబా ఎక్కాలి. అది గోడకి అంటించాక వాడి నిద్ర మెల్లగా కుదుటపడింది. పూర్తిగా పోయిందని చెప్పను. ఇప్పటికీ పెద్ద వాన పడితే మెలకువ వస్తుంది, కానీ ఒకసారి చూసి పడుకుంటాడు. మేడం రాని రోజుల్లో అవసరమైతే మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే 14416 టెలిమానస్‌కి ఫోన్ చేయమని సెంటర్ గోడ మీద రాసి పెట్టారు. ఆ నంబరులో తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

బడి సంగతికి వస్తే, సెంటర్ ఇన్‌ఛార్జి సారు రెండు చోట్లకీ స్వయంగా తిరిగారు. ఆటోనగర్ షెడ్డు ఓనరు దగ్గరికెళ్ళి చట్టం చెప్పారు. 2016లో మారిన చట్టం ప్రకారం పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు. గట్టిగా అరవలేదు, కేసు పెడతానని బెదిరించలేదు. ఓనరు మంచివాడే, వాడిని చదువుకుని రమ్మని పంపేశాడు. హెడ్‌మాస్టరు గారితో మాట్లాడి పరీక్ష ఫీజు గడువులోగా కట్టించారు. ఆ ఫీజు 125 రూపాయలే, మాకు అప్పుడు అది కాదు కష్టం, హాజరు తగ్గిందని రాయనివ్వరేమోనన్న టెన్షన్. మునిగిపోయిన ఆధార్ మళ్ళీ తీయించడం, పాత పిల్లల దగ్గర పుస్తకాలు సేకరించడం కూడా వాళ్ళే చూసుకున్నారు.

ఒక్క విషయం గమనించండి, సెంటర్ చేతికి డబ్బు ఇవ్వదు. వాడు తెచ్చే 300 ఆగిపోతే ఇల్లెలా గడుస్తుందన్నది నిజమైన ప్రశ్న. ఆ సారు నన్ను మెప్మా (పట్టణాల్లో ఆడవాళ్ళ పొదుపు సంఘాల్ని చూసే ప్రభుత్వ సంస్థ) పొదుపు సంఘం లోన్ కాగితాలు పెట్టమని కూర్చోబెట్టి నింపించారు. దాంతో ఆటో ఇంజను బాగయింది, మా ఆయన మళ్ళీ స్టాండుకి వెళ్ళారు. పిల్లాడి చదువు నిలబడాలంటే ఇంటి వాయిదా కూడా చూడాలని వాళ్ళకి తెలుసు. ఈ మాట తెలిసినవాళ్ళు తక్కువ.

2025 మార్చిలో పరీక్షలు రాశాడు, 600కి 387 వచ్చాయి. మా చుట్టాల్లో కొందరికి అది చిన్న మార్కు. నాకు కాదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌కి సెంటర్‌లోనే రాత్రిళ్ళు కూర్చుని చదివాడు. 120 ప్రశ్నలు రెండు గంటల్లో చేయాలి, పాత పేపర్లు గడియారం పెట్టుకుని రాయించేవారు. మెకానికల్ సీటు వచ్చింది. ఆదివారాలు చిన్న పిల్లలకి మోటారు విప్పడం నేర్పుతున్నాడు.

లోటుపాట్లు ఉన్నాయి, చెప్పాల్సిందే. లెక్కలు చెప్పేది ఇంజనీరింగ్ విద్యార్థులు. వాళ్ళ సెమిస్టరు పరీక్షలొస్తే రెండు మూడు వారాలు ఎవరూ ఉండరు, అదే మన పిల్లలకీ పరీక్షల సమయం అవుతుంది. వేసవిలో రేకుల షెడ్డులో కూర్చోవడం నరకం. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఆడపిల్లల సంగతి. చదువు గంటలు చీకటి పడ్డాక ఉండటం వల్ల మా చిన్నదాన్ని నేను రోజూ పంపలేకపోతున్నాను. వాళ్ళ కోసం నాలుగున్నరకే తెరవమని కొందరు తల్లులం కలిసి అడిగాం. శని, ఆదివారాలు ఒప్పుకున్నారు, మిగతా రోజులకి మనిషి లేరంటున్నారు. అడగడం మేం మానలేదు. మగపిల్లలకి జరిగిన మేలు ఆడపిల్లలకీ జరగాలి కదా.

పంపాలనుకుంటే జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారంలోనే వెళ్ళండి, తర్వాత జాగా ఉండదు. పిల్లాడి ఆధార్ నకలు, తల్లిదండ్రుల్లో ఒకరి సంతకం చాలు. ఇంట్లో ఏదైనా ఇబ్బంది ఉంటే ఇన్‌ఛార్జి సారుకి ముందే చెప్పి పెట్టండి. ఆయన దాన్ని పదిమందిలో పెట్టరు. మీ పిల్లాడు రెండు రోజులు కనపడకపోతే మాత్రం మీ గుమ్మం దాకా వస్తారు.