నెగెటివ్ తీసి, ప్రింట్ వేసే సాఫ్ట్‌వేర్: ఏజీఎక్స్ ఇమల్షన్

ఫిల్మ్ లుక్ పేరుతో దొరికే ప్రీసెట్లు చాలానే వాడాను. తయారైపోయిన డిజిటల్ ఫొటోకి పైన రంగు పూయడమే వాటి పని. ఒక ఫొటోకి బాగా కుదిరిందే, ఎండ మారేసరికి ముఖాలను పాడుచేస్తుంది. ఏజీఎక్స్ ఇమల్షన్ అనే ఈ సాఫ్ట్‌వేర్ దారే వేరు. డబ్బులు కట్టక్కర్లేదు, కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది.

డిజిటల్ రాకముందు సికింద్రాబాద్‌లో ఒక కలర్ ల్యాబ్‌లో ప్రింటింగ్ చేసినవాణ్ని కాబట్టి, ఇది నాకు ఎందుకింత నచ్చిందో చెప్పాలి. ఎంత వెలుగు పడితే నెగెటివ్ ఎంత చిక్కబడుతుందో చూపించే గీతే డెన్సిటీ కర్వు. హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు 1890లో దీన్ని లోకానికి చూపించారు. డెన్సిటీ 0.3 పెరిగిందంటే నెగెటివ్ లోంచి దాటే వెలుగు సగమైపోయినట్టే. గీత కింద మెల్లగా లేస్తుంది, మధ్యలో తిన్నగా సాగుతుంది, పైన మళ్లీ వాలుతుంది. కలర్ ఫిల్మ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలకు తలా ఒక కర్వు ఉంటుంది. కంపెనీలు డేటాషీట్లలో అచ్చువేసిన ఈ గీతలే సాఫ్ట్‌వేర్‌కి ఆధారం. ముందు మన ఫొటోతో నెగెటివ్ తయారుచేస్తుంది, తర్వాత దాన్ని పేపర్ మీద ప్రింట్ వేస్తుంది. పేపర్‌కీ దాని కర్వు దానికుంది, అది నెగెటివ్ కన్నా చాలా నిటారుగా ఉంటుంది.

సాయంత్రం లాడ్‌బజార్‌లో తీసిన ఒక గాజుల కొట్టు ఫొటో ఇచ్చి చూశాను. అద్దాలు పొదిగిన లక్క గాజులు, వాటి మీద బల్బుల వెలుగు, పక్కనే నీడలో కొట్టు యజమాని ముఖం. ఫిల్మ్ కొడాక్ వాళ్ల పోర్ట్రా 400, పేపర్ వాళ్లదే పోర్ట్రా ఎండ్యూరా పెట్టాను. నెగెటివ్‌కి వెలుగు రెండు స్టాపులు, అంటే నాలుగింతలు, ఎక్కువిచ్చి, ఆ మేరకు ప్రింట్ ఎక్స్‌పోజర్ సర్దాను. గాజుల మీది మెరుపు తెల్లటి మచ్చగా తెగిపోలేదు, మెత్తగా కరుగుతూ తెలుపులో కలిసింది. పెద్దాయన చెంప మీద గ్రెయిన్, అంటే ఫిల్మ్‌లో కనిపించే రేణువులు, కూడా సన్నబడింది. ఆ రోజుల్లో ల్యాబ్‌కి కాస్త ఓవర్ అయిన రీల్ వస్తే ఇలాంటి ప్రింట్లే వచ్చేవి!

హాలేషన్, అంటే వెలుగుల చుట్టూ అలుముకునే కాంతి, కొంచెం పెంచితే బల్బుల చుట్టూ ఎర్రటి వెలుగు అలుముకుంది. ఫిల్మ్‌లో వెలుగు అన్ని పొరలూ దాటి, వాటిని మోసే ప్లాస్టిక్ బేస్ వెనకవైపు తగిలి తిరిగొస్తుంది. అన్నిటికన్నా అడుగున ఉండేది ఎరుపు పొర కాబట్టి ఆ దెబ్బ ముందు దానికే తగులుతుంది. అందుకే ఆ వెలుగు ఎర్రగా ఉంటుంది. గ్రెయిన్ కూడా అంతే, పైన అతికించిన చుక్కలు కావు. ఫిల్మ్ సైజు 35 ఎంఎం నుంచి పెద్దది చేస్తే గ్రెయిన్ దానంతటదే సన్నబడుతుంది.

పైథాన్ అలవాటు లేనివాళ్లకు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కొంచెం టెన్షన్ తప్పదు, తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. కెమెరా ఇచ్చే రా ఫైల్‌ని డార్క్‌టేబుల్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో వెలుగునీడలు మార్చే ఏ టోన్ కర్వూ లేకుండా, లీనియర్ 16 బిట్ టిఫ్‌గా తీసి ఇవ్వాలి. జేపెగ్ ఇస్తే మెరుపుల్లో వివరం ముందే పోయి ఉంటుంది కాబట్టి కర్వుకి చేయడానికి పనే మిగలదు. పూర్తి సైజు ఫొటో తయారవడానికి టైమ్ పడుతుంది కనుక పెళ్లి ఆల్బమ్ మొత్తం దీంతో చేద్దామనుకోవద్దు. ఏరిన పోర్ట్రెయిట్లకు, గోడకి కట్టే ప్రింట్లకు మాత్రం కళ్లు మూసుకుని వాడొచ్చు. మొదట్లో ఒకే ఫిల్మ్, ఒకే పేపర్ పట్టుకుని, ఎన్‌లార్జర్ (నెగెటివ్‌ని పేపర్ మీద ప్రింట్ వేసే యంత్రం) భాగంలోని పసుపు, మెజెంటా ఫిల్టర్లు మాత్రమే కదిపి చూడండి.