సరదా పోకర్‌కి కాసినో మేలా, కార్డ్ రూమ్ మేలా: రెండూ ఆడి రాస్తున్న రివ్యూ

ఇది ఏదో ఒక్క చోటు గురించి కాదు, చిన్న స్టేక్స్‌లో (చిన్న పందేలతో) సరదాకి హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ కలిపి ఐదు ముక్కలు ఉండే పోకర్) ఆడే నాలాంటి వాళ్ళకి పెద్ద కాసినోలో ఉండే పోకర్ రూమ్ ఎలా ఉంటుంది, పేకాట తప్ప ఇంకేం లేని చిన్న కార్డ్ రూమ్ ఎలా ఉంటుంది అని రాస్తున్నా. నా ఓటు కార్డ్ రూమ్‌కే, కానీ ఒక్క విషయంలో కాసినోనే ముందుంటుంది, అది కూడా చెప్తా.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే చాలామంది ఇదే చూసుకోరు. పోకర్‌లో మనం హౌస్‌తో, అంటే ఆట నడిపేవాళ్ళతో ఆడం, పక్కన కూర్చున్న వాళ్ళతో ఆడతాం కాబట్టి హౌస్‌కి వచ్చేది ఎక్కువగా రేక్ రూపంలోనే, అంటే పాట్‌లోంచి (అందరూ కాసిన పందెం కుప్పలోంచి) తీసుకునే వాటా. మామూలుగా పాట్‌లో 5 నుంచి 10 శాతం, దానికి ఒక లిమిట్ ఉంటుంది, చాలా చోట్ల ఫ్లాప్ (టేబుల్ మీద మొదట తెరిచే మూడు ముక్కలు) పడకుండా అయిపోతే ఏమీ తియ్యరు. ఇది కాక బ్యాడ్ బీట్ జాక్‌పాట్ (చాలా పెద్ద ముక్కలుండి కూడా ఓడినవాళ్ళకి ఇచ్చే బహుమతి) పేరుతో ఇంకొంచెం పోతుంది. చూడ్డానికి ఒకటి రెండు చిప్సే కదా అనిపిస్తుంది, ఒక్కసారి లెక్కేసి చూడండి. డీలర్ పంచే టేబుల్ మీద గంటకి 25, 30 హ్యాండ్స్ (పంపకాలు) పడతాయి. అందులో 20 ఫ్లాప్ దాకా వెళ్ళాయి, ఒక్కోదానికి రేకూ జాక్‌పాటూ కలిపి సగటున రెండున్నర బిగ్ బ్లైండ్లు (బ్లైండ్ అంటే ముక్కలు చూడకముందే వంతుల ప్రకారం పెట్టాల్సిన పందెం, అందులో పెద్దది) పోయాయి అనుకుందాం, అంటే గంటకి టేబుల్ మీంచి 50 బిగ్ బ్లైండ్లు పోయినట్టే. తొమ్మిది మందికి పంచితే తలా ఐదున్నర, నాలుగు గంటలు కూర్చుంటే 22. మీరు 100 బిగ్ బ్లైండ్లతో కూర్చుంటే అందులో ఐదో వంతు పైనే, అదీ ఎవ్వరి చేతిలోనూ ఓడిపోకుండానే! డీలర్‌కి ఇచ్చే టిప్పులు మళ్ళీ వేరు.

కొన్ని కార్డ్ రూముల్లో ఈ గొడవ లేకుండా అరగంటకి ఇంత అని సీటు ఫీజు తీసుకుంటారు. ఎక్కువ పాట్లలో దూరే వాళ్ళకి ఇదే లాభం, ఎందుకంటే రేక్ పోయేది గెలిచిన పాట్‌లోంచే కదా. ఓపిగ్గా కూర్చుని గంటకి రెండు మూడు హ్యాండ్సే ఆడేవాళ్ళకి మాత్రం రేకే నయం, సీటు ఫీజైతే ఆడినా ఆడకపోయినా కట్టాల్సిందే. ఏ పద్ధతైనా సరే కూర్చునే ముందు డెస్క్ దగ్గర అడగండి, మంచి రూమ్ అయితే బోర్డు మీదే రాసి పెడతారు, అడిగితే నసిగే చోట నేనైతే ఆడను.

ఇక డీలర్లు, ఫ్లోర్ మేనేజర్ (గొడవ వస్తే తీర్పు చెప్పే మనిషి, మామూలుగా ఫ్లోర్ అంటారు). అసలు రూమ్ విలువ తెలిసేది ఇక్కడే. ఒక కాసినోలో నా కళ్ళ ముందు జరిగింది చెప్తా. ఎవరో బెట్ వేశారు, తర్వాత సీట్లో పెద్దాయన ఏమీ అనకుండా ఒకే ఒక్క పెద్ద చిప్ ముందుకి పెట్టి, పెట్టాక రెయిజ్ (పందెం పెంచుతున్నా) అన్నాడు. రూల్ ప్రకారం చిప్ పడకముందే నోటితో చెప్పకపోతే అది కాల్ (ముందు వేసిన బెట్‌కి సమానంగా పెట్టడం) మాత్రమే. డీలర్ కొత్తవాడు, రెయిజ్ అని ఒప్పేసుకున్నాడు, బెట్ వేసినాయన అరుపులు, ఫ్లోర్‌ని పిలిస్తే టోర్నమెంట్ దగ్గర ఉన్నాడట, వచ్చేసరికి అందరి మూడ్ పోయింది. ఇలాంటిదే నేనెళ్ళే కార్డ్ రూమ్‌లో జరిగితే ఫ్లోర్ ఆవిడ వెంటనే వచ్చి, ఆటగాళ్ళెవర్నీ మాట్లాడనివ్వకుండా డీలర్‌ని ఒక్కటే అడిగింది, మాట ముందా చిప్ ముందా అని. చిప్ ముందు అన్నాడు, కాల్ అని చెప్పేసి వెళ్ళిపోయింది. గెలిచినా ఓడినా ఇలాంటి చోట ఆడితే మనసు నెమ్మదిగా ఉంటుంది, నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం.

కాసినో గెలిచేది ఎక్కడంటే, ఎదురుగా కూర్చునే వాళ్ళ దగ్గర. స్లాట్ మెషీన్ల దగ్గర్నుంచి లేచొచ్చి సరదాగా కూర్చునేవాళ్ళు, ఏ రెండు ముక్కలు వచ్చినా ఫ్లాప్ చూద్దాం అనేవాళ్ళు ఎక్కువ. దీనికి తగ్గట్టు మన ఆట మార్చుకోవాలి. ఆసుల జత వస్తే ఒక్కడితో తలపడితే 85 శాతం మనదే, అదే ఐదుగురు ఏవో ముక్కలతో చివరిదాకా ఉంటే 49 శాతానికి పడిపోతుంది. అందుకే అలాంటి టేబుల్ మీద ప్రీఫ్లాప్ (ఫ్లాప్ పడకముందు) రెయిజ్ మామూలు కంటే బాగా పెంచాలి, చిన్నగా రెయిజ్ చేసి ఆసులు ఓడిపోయాయని బాధపడేవాళ్ళని చూస్తే నాకు నిజంగా జాలేస్తుంది. చిన్న జతల సంగతి దీనికి రివర్స్. ఫ్లాప్‌లో మూడోది పడే ఛాన్స్ 12 శాతం లోపే, అంటే ఎనిమిదిన్నరకి ఒకసారి, కానీ నలుగురైదుగురు కాల్ చేసే చోట అది పడినప్పుడు వచ్చే పాట్ మిగతా అన్నిటినీ పూడ్చేస్తుంది.

కార్డ్ రూమ్‌లో రోజూ వచ్చేవాళ్ళే ఎక్కువ, టైట్‌గా (మంచి ముక్కలొస్తేనే) ఆడతారు, అంత తేలిగ్గా చిప్స్ రావు. ఒక్కోసారి ఇద్దరు ఫ్రెండ్స్ ఒకరి మీద ఒకరు బెట్ వేసుకోకుండా చివరిదాకా చెక్ చెక్ అనుకుంటూ వెళ్తారు, ఇది మిగతావాళ్ళకి అన్యాయం, ఫ్లోర్‌కి చెప్పాల్సిందే, మొహమాటపడొద్దు. కొత్తవాళ్ళకి బ్లైండ్స్ మిస్సయితే ఏం చేయాలి, సీటు మారడం ఎలా, ఇవన్నీ పక్కవాళ్ళే చెప్తారు, నేను చూసినంతవరకూ ఎవరూ విసుక్కోలేదు.

ఇంకోటి, పోకర్ టేబుల్ నుంచి కాసినో గేటు దాకా నడిచే దారి. మధ్యలో బ్లాక్‌జాక్, రూలెట్, మెషీన్లు, అన్నిట్లోనూ ఎడ్జ్ (పైచేయి) హౌస్‌దే, ఎంతో కష్టపడి గెల్చుకున్నది అక్కడ పోగొట్టుకున్న మంచి ఆటగాళ్ళు నాకు తెలుసు. కార్డ్ రూమ్‌లో చిప్స్ మార్చుకుంటే తిన్నగా బయటికి రావడమే.

రేటింగ్ అంటే కార్డ్ రూమ్‌కి ఐదుకి నాలుగున్నర, కాసినో పోకర్ రూమ్‌కి మూడు. శనివారం రాత్రి వెయిటింగ్ లిస్ట్‌లో తొందరగా పేరు వస్తుందంటే మాత్రం కాసినోకే నాలుగు ఇస్తా, ఆ టైమ్‌లో అక్కడున్నంత వదులైన (ఏ ముక్కలతోనైనా ఆడేసే) టేబుల్ ఇంకెక్కడా దొరకదు.